పింక్ ఫ్లాయిడ్, శాలిబండ, రెండు కేసెట్లు

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర ఓ చిన్న గొడవ జరిగింది. మా టీములో పాతికేళ్ళ కుర్రాడొకడు తెల్ల ఇటుకల బొమ్మ ఉన్న టీ షర్టు వేసుకొచ్చాడు. నా మానాన నేను పెరుగన్నం తినొచ్చుగా, తినలేదు. "ఏం బాబూ, ఆ ఆల్బమ్ విన్నావా, లేక షర్టు ఒక్కటేనా?" అని గెలికాను. "విన్నా సార్. బానే ఉంటుంది కానీ, డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ అంత లేదు" అనేసి చపాతీ మీద దృష్టి పెట్టాడు.

ముప్పై ఏళ్ళుగా ఈ మాట ఎవరన్నా నేను మీద పడి రక్కేవాణ్ణి. హాస్టల్లో ఈ విషయమ్మీదే రూమ్మేటుతో వారంపాటు మాటల్లేవు. మొదటి కంపెనీలో, కాంటీన్లో, న్యూజెర్సీలో నలుగురం కలిసి అద్దెకున్న అపార్టుమెంట్లో, ఎక్కడైనా సరే, 'ది వాల్' పక్షాన వకాల్తా పుచ్చుకున్న వాణ్ణి నేనే. అలాంటిది ఈసారి "ఊఁ" అని ఊరుకున్నాను. వాడన్నదే నిజమని నాకు ఈమధ్యనే తెలిసొస్తోంది. ఒప్పుకోవడానికి మాత్రం ప్రాణం ఒప్పట్లేదు. ఆ బాధ మీతో చెప్పుకుందామనే ఈ సోదంతా.

కాన్సెప్ట్ ఆల్బమ్ అంటే తెలియనివారికి రెండు ముక్కల్లో చెప్తాను. పాటలు దేనికవి కాకుండా, రికార్డు మొత్తం ఒకే కథనో ఒకే ఆలోచననో పట్టుకుని నడవడమన్నమాట. ఇదేదో తెల్లవాళ్ళు కనిపెట్టారనుకోకండి. హరికథ అదే, బుర్రకథ అదే, ఒగ్గుకథా అదే. ఆ మాటకొస్తే మా ఊళ్ళో మొదటి కాన్సెప్ట్ ఆల్బమ్ చేసినాయన కంచర్ల గోపన్న. తానీషా కాలంలో గోల్కొండ జైల్లో కూర్చుని, నాలుగు గోడల మధ్య, రాముణ్ణి బతిమాలి, అలిగి, నగలకి తనెంత ఖర్చుపెట్టాడో పద్దు రాసినట్టు చదివి, నిలదీసి, అంతలోనే అయ్యో ఎంత మాటన్నానని కళ్ళనీళ్ళు పెట్టుకుని... అన్నీ కలిపి వింటే ఒక మనిషి జైల్లో పన్నెండేళ్ళు ఏమైపోయాడో తెలిసిపోతుంది. కంపెనీకి రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్ పెట్టి ఎదురు చూసిన ప్రతివాడికీ ఆ కీర్తనలు రెండింతలు అర్థమవుతాయి :)

సరే, అసలు సంగతికొద్దాం. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళవి రెండు ఆల్బములు. 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973 మార్చిలో వచ్చింది, నలభై మూడు నిమిషాలు. 'ది వాల్' 1979 నవంబరు ఆఖర్న వచ్చింది, రెండు ఎల్పీల సెట్టు, ఎనభై ఒక్క నిమిషాలు. ఈ నిమిషాల లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ రెండూ నాకు చేరింది రికార్డు షాపు నుంచి కాదు, శాలిబండలో మా పక్కింటి మిద్దె మీద నుంచి. మా ఇల్లు చార్మినార్ నుంచి దక్షిణంగా నడిస్తే పావుగంట దూరం. మా మిద్దెకీ పక్కింటి మిద్దెకీ మధ్య నడుమెత్తు గోడ. సంక్రాంతికి పతంగులు ఎగరేసేటప్పుడు అది గోడ కింద లెక్కే కాదు, అటూ ఇటూ దూకడమే. పక్కింట్లో నాకన్నా నాలుగేళ్ళు పెద్దవాడు ఒకాయన ఉండేవాడు, నేను భాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను ఛోటే అనేవాడు. వాళ్ళమ్మని మా ఇంట్లో అందరం ఖాలా అనే అనేవాళ్ళం. (పండక్కి వాళ్ళు షీర్ ఖుర్మా పంపితే మేం సకినాలు పంపేవాళ్ళం లాంటి కబుర్లు చెప్పి ఇక్కడ కన్నీళ్ళు పెట్టించడం నాకిష్టం లేదు. పంపుకునేవాళ్ళం, నిజమే. అంతకన్నా ఎక్కువ నీళ్ళ పంపు దగ్గర పోట్లాడుకునేవాళ్ళం.)

భాయ్ వాళ్ళ బావ జెడ్డాలో పని చేసేవాడు. ఆయన వచ్చినప్పుడల్లా ఒక టూ ఇన్ వన్, రెండు దుప్పట్లు, ఓ పది కేసెట్లు వచ్చేవి. ఆ కేసెట్ల నుంచి భాయ్ ఖాళీ టేపుల్లోకి కాపీ చేసి నాకిచ్చేవాడు. అట్టలు జిరాక్సు. అందుకని ఆ ప్రపంచ ప్రసిద్ధమైన పట్టకం బొమ్మలో ఇంద్రధనుస్సు ఉంటుందని నాకు చాలాకాలం తెలియదు. నా ఇంద్రధనుస్సు బూడిద రంగుది. "సున్, ఫిర్ బోల్" అని చేతిలో పెట్టాడు రెండూ, ముందు విను, ఆ తర్వాతే మాట్లాడు అని.

రెండూ అరవై నిమిషాల కేసెట్లు. డార్క్ సైడ్ అటో వైపు ఇటో వైపు హాయిగా సరిపోయింది. ఇంకా జాగా మిగిలితే వృథా చేయడమెందుకని భాయ్ అందులో మెహదీ హసన్ గజళ్ళు ఎక్కించాడు. క్లేర్ టోరీ అనే ఆవిడ ఒక్క మాట కూడా లేకుండా చావు మీద గొంతెత్తి పాడే పాట మొదటి వైపు చివర్న ఉంటుంది కదా, అది అవగానే నా కేసెట్లో మెహదీ హసన్ మొదలయ్యేవాడు. ఇప్పటికీ సీడీలో ఆ పాట తర్వాత గల్లాపెట్టె చప్పుడు వస్తే నాకు తప్పు నంబరుకి ఫోన్ కలిసినట్టుంటుంది.

ది వాల్ మాత్రం సరిపోలేదు. ఎనభై ఒకటి అరవైలో ఎలా పడుతుంది? హోటల్ గది పగలగొట్టే పాట మధ్యలో కేసెట్ తిప్పాలి. రెండో వైపు 'కంఫర్టబ్లీ నంబ్' లో గిటారు ఆకాశానికెళ్ళి, తగ్గుతూ, తగ్గుతూ ఉండగా టక్కుమని ఆగిపోయేది. ఆల్బమ్ అంతేననుకున్నాను. ఎవడూ చెప్పలేదు మరి. ఒక మనిషి తన చుట్టూ గోడ కట్టుకుంటాడు, లోపలే మొద్దుబారిపోతాడు, సమాప్తం. పదిహేనేళ్ళ వయసులో ఇంతకన్నా గొప్ప కథ ఉంటుందా?

ఆ ఏడాది 1990. జులై 21న రోజర్ వాటర్స్ బెర్లిన్లో, నిజం గోడ కూలిన చోట, రెండు లక్షల పైచిలుకు జనం ముందు గోడ కట్టి పడగొట్టాడు. ఆ సంగతి మాకు చాలా తర్వాత తెలిసింది. మాకు తెలిసింది డిసెంబరే. ఆ నెల మొదటి వారంలో హైదరాబాదులో మతకలహాలు మొదలయ్యాయి. వందమందికి పైగా చనిపోయారు. నెల మధ్యలో ముఖ్యమంత్రి చెన్నారెడ్డి గారు దిగిపోయారు. పాత బస్తీలో కర్ఫ్యూ రోజుల తరబడి సాగింది. మధ్యలో ఓ గంటా రెండు గంటలు సడలిస్తే ఆడవాళ్ళు పాలకీ కూరలకీ పరిగెత్తేవాళ్ళు. మిగతా టైమంతా కిటికీ రెక్కలు మూసుకుని కూర్చోవడమే. నేను చెవి దగ్గర టేప్ రికార్డరు పెట్టుకుని, సౌండు తగ్గించి, ది వాల్ వినేవాణ్ణి. రోజుకి నాలుగుసార్లు. నా కోసమే తీశారనుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం చెప్పాలి. ముప్పై అయిదేళ్ళయింది, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

భాయ్ వాళ్ళు ఆ చలికాలం మిద్దె మీద ఓ గది వేసుకుందామనుకున్నారు. బావ డబ్బు పంపాడు. నవంబరులో ఇటుకలు దింపారు. కింద నుంచి పైకి మోయడానికి నేను కూడా ఓ చెయ్యి వేశాను. మేస్త్రీ రాకముందే కర్ఫ్యూ వచ్చింది. ఇటుకలు అక్కడే పేర్చి ఉండిపోయాయి. నాలుగో రోజో అయిదో రోజో సాయంత్రం మా వాకిట్లో నలుగురైదుగురు పెద్దవాళ్ళు చేరి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. "వాళ్ళ మిద్దె మీద ఇటుకలు పోగేశారు, రాత్రికి మన మీద విసురుతారు" అని ఒకాయన. "నేనూ చూశా" అని ఇంకొకాయన. మా నాన్న నా వైపు చూశాడు. "నువ్వు మిద్దె మీదకి పోతుంటవ్ కదరా, ఏం చూసినవ్?" అన్నాడు.

అవి గది కోసం తెచ్చినవి నాన్నా, నేనే మోశాను, అంటే అయిపోయేది. నేను "తెల్వద్" అన్నాను.

ఎందుకన్నానో నాకిప్పటికీ సరిగా తెలియదు. భయమో, అంతమంది పెద్దవాళ్ళ మధ్య ఎదురు మాట్లాడలేకో, మరి నిజంగానే విసురుతారేమోనని ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చో. మర్నాడు ఎవరు చెప్పారో ఏమో, యూనిఫాం వాళ్ళు వచ్చారు. భాయ్, వాళ్ళ నాన్న కలిసి ఆ ఇటుకలన్నీ తట్టల్లో నెత్తి మీద పెట్టుకుని కిందకి దించారు. ఓ లారీలో వేసుకుపోయారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఎవర్నీ తీసుకెళ్ళలేదు. పేపర్లో రాసేంత సంగతి కాదు. నేను కిటికీ సందులోంచి చూస్తూ ఉన్నాను. మూడో అంతస్తు మెట్లు, భాయ్ ఎన్నిసార్లు ఎక్కి దిగాడో లెక్కపెట్టాను కూడా. లోపలికెళ్ళి మళ్ళీ అదే కేసెట్టు పెట్టుకున్నాను. లోకమంతా నాకు ఎంత అన్యాయం చేస్తోందో అని బాధపడ్డాను. అదీ నా ఘనకార్యం.

1991 ఎండాకాలంలో మేం దిల్‌సుఖ్‌నగర్ మారిపోయాం. అప్పట్లో అలా చాలా కుటుంబాలు మారాయి, ఇటు వాళ్ళు అటూ, అటు వాళ్ళు ఇటూ. సామాను లారీ ఎక్కించేటప్పుడు కేసెట్లు వెనక్కి ఇద్దామని వెళ్తే భాయ్ "రఖ్ లే, ఛోటే" అన్నాడు. ఆ తర్వాత ఆయనా జెడ్డా వెళ్ళిపోయాడని విన్నాను.

ఇహ ఆల్బముల సంగతి. మన వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, డార్క్ సైడ్ ఒక మంచి టీము చేసిన ప్రాజెక్టు. ది వాల్ ఒకే ఒక్క ఆర్కిటెక్టు రాసుకొచ్చి మిగతావాళ్ళ నెత్తిన పెట్టిన డిజైను. డార్క్ సైడ్ ని రికార్డు చేయడానికి ముందే 1972 జనవరి నుంచి ఊరూరా స్టేజీల మీద వాయించారు. అంటే ఏడాదికి పైగా బీటా టెస్టింగు! ఎక్కడ జనం దగ్గుతున్నారో, ఎక్కడ ఊపిరి బిగబడుతున్నారో చూసుకుని మార్చుకుంటూ వచ్చారు. మాటలన్నీ వాటర్స్ వే, కానీ సంగీతంలో నలుగురూ ఉన్నారు. రిక్ రైట్ పియానో తీసేస్తే ఆ రికార్డు సగం కూలిపోతుంది. అబ్బీ రోడ్ స్టూడియోలో ఇంజినీరు అలాన్ పార్సన్స్ గడియారాల దుకాణానికి వెళ్ళి ఒక్కో గడియారమూ విడివిడిగా రికార్డు చేసుకొచ్చిన చప్పుడు 'టైమ్' పాట మొదట్లో పెట్టారు. 'మనీ' లో చిల్లర, గల్లాపెట్టె చప్పుళ్ళు టేపు ముక్కలుగా కోసి, స్కేలుతో కొలిచి, అతికించి లూపు చేశారు. కంప్యూటర్ లేని రోజుల్లో. పైగా ఆ పాట ఏడు మాత్రల నడక. మన మిశ్రచాపు లెక్క వచ్చినవాళ్ళు తొడ మీద తాళం వేసుకుంటూ వినొచ్చు. గిటారు సోలో వచ్చేసరికి మాత్రం నాలుగుకి మారిపోతుంది, అక్కడ మన చెయ్యి తప్పుతుంది.

క్లేర్ టోరీకి ఆ పాట పాడినందుకు ఇచ్చింది ముప్పై పౌండ్లు. ఆదివారం కాబట్టి డబుల్ రేటు. ఆవిడ 2004లో కోర్టుకెళ్ళింది, మర్సటేడు రాజీ కుదిరి రైట్ పేరు పక్కన ఆవిడ పేరు కూడా చేర్చారు. కంట్రిబ్యూటర్ పేరు చేర్చడానికి ముప్పై రెండేళ్ళు పట్టిందన్నమాట. మన కంపెనీలే నయం అనను, ఎందుకంటే నయం కాదు.

ది వాల్ దగ్గరికి వచ్చేసరికి టీము చెడిపోయింది. 1977 జులైలో మాంట్రియల్ స్టేడియంలో అరుస్తున్న ఓ అభిమాని మీద వాటర్స్ ఉమ్మేశాడు. చేసిన పనికి తనే హడలిపోయి, నాకూ వీళ్ళకీ మధ్య ఒక గోడ ఉంటే బావుణ్ణు అనుకున్నాడు. ఆల్బమ్ పుట్టింది అక్కణ్ణుంచి. పెట్టుబడులు పెట్టిన సంస్థ మునిగి వీళ్ళ డబ్బు పోయింది, పన్నుల భయంతో దేశం వదిలి ఫ్రాన్సులో రికార్డు చేశారు. బయటి నుంచి బాబ్ ఎజ్రిన్ అనే నిర్మాతని తెచ్చారు. ఆయన ఒక్క రాత్రి కూర్చుని పాటలన్నిటినీ వరస మార్చి నలభై పేజీల స్క్రిప్టు రాశాడు. రిక్ రైట్ ని మధ్యలో తీసేశారు. తీసేసి, స్టేజీ షోలకి మళ్ళీ జీతం మీద పెట్టుకున్నారు. ఇక్కడ మన కాంట్రాక్టర్ సోదరులు చప్పట్లు కొట్టాల్సిన ఘట్టం ఒకటుంది. స్టేజీ అంతా నిజంగా గోడ కట్టి కూల్చే ఆ షోలకి ఖర్చు తడిసి మోపెడై భాగస్వాములు ముగ్గురూ నష్టపోయారు. డబ్బు మిగిలింది జీతగాడు రైట్ కి ఒక్కడికే!

ఇంత కంపులోంచి వచ్చినా ది వాల్ చిన్న ఆల్బమ్ కాదు. వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలో ఆంజియో యుద్ధంలో చనిపోయాడు, అప్పటికి ఇతనికి అయిదు నెలలు. ఆ తండ్రి లేని ఇంటి గురించి రాసిన పాటలు ఎవడు విన్నా గొంతు పట్టుకుంటాయి. లండన్లో ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలు పిల్లలు కోరస్ పాడిన పాట సంగతి మీ అందరికీ తెలిసిందే. మాస్టార్ల మీద కోపం ఉన్న ప్రతి ఇంజినీరింగు హాస్టల్లో అది జాతీయగీతం. 1980లో దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళ పిల్లలు తమకిచ్చే నాసిరకం చదువు మీద తిరగబడినప్పుడు అదే పాట పాడారు, అక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఆ పాట అక్కడ చేసిన పని డార్క్ సైడ్ లో ఏ పాటా చేయలేదు, ఒప్పుకుంటాను.

నా గొడవ ఆ చివరి ఇరవయ్యొక్క నిమిషాలతో.

1999లో వైటూకే పుణ్యమా అని న్యూజెర్సీ వెళ్ళాను. మొదటి నెల జీతంలో కొన్న మొదటి వస్తువు ది వాల్ సీడీల సెట్టు. ఒక శనివారం రాత్రి రూమ్మేట్లంతా అట్లాంటిక్ సిటీ పోతే ఒక్కణ్ణే కూర్చుని పెట్టుకున్నాను. కంఫర్టబ్లీ నంబ్ అయింది. చెయ్యి అలవాటుగా స్టాప్ బటన్ మీదకి వెళ్ళింది. సీడీ ఆగలేదు.

మీరు విన్నవాళ్ళైతే తెలుసు. గోడ లోపల మొద్దుబారిన హీరోకి ఇంజక్షనిచ్చి స్టేజీ ఎక్కిస్తారు. ఎక్కాక వాడు పాటగాడుగా ఉండడు, ఒక నియంత అవుతాడు. ఎదురుగా ఉన్న జనంలోంచి తనకి గిట్టని జాతులవాళ్ళని, గిట్టని రకం మనుషుల్ని వేలెత్తి చూపిస్తాడు. తర్వాతి పాటలో తరుముతున్న గుంపు, పరిగెత్తుతున్న మనుషులు, పగిలే అద్దాలు. ఆ తర్వాత మెగాఫోనులో నినాదాలు. దాదాపు పద్నాలుగు నిమిషాలు.

అంటే నా కేసెట్లో ఏం ఉందో, ఏం లేదో అప్పుడు తెలిసింది. నాకు జరిగిన అన్యాయాల జాబితా మొత్తం ఉంది. అమ్మ, మాస్టారు, పెళ్ళాం, యుద్ధం, ఒక్కటీ తప్పకుండా. అన్యాయం జరిగిందనుకున్న మనిషి ఆ తర్వాత ఏం చేస్తాడో, ఆ ముక్క లేదు. 1990 డిసెంబరులో శాలిబండలో రోజుకి నాలుగుసార్లు నేను విన్నది సరిగ్గా ఆ మొదటి సగం. రెండో సగం కిటికీ బయట జరుగుతోంది. కుర్చీలోంచి లేచి సౌండు తగ్గించాను, పక్క ఫ్లాటువాళ్ళ కోసం కాదు.

ఆ పద్నాలుగు నిమిషాలూ వాటర్స్ రాసిన వాటన్నిటిలోకీ గొప్పవని నా అభిప్రాయం. ఇప్పటికీ మారలేదు. అక్కడ ఆగిపోయినా బావుండేది. ఆగకుండా విచారణ పెట్టాడు. హీరో నేనే నేరస్థుణ్ణా అని తనని తాను అడుక్కుంటాడు, మంచిదే. వెంటనే ఓ కోర్టు, నాటకాల కంపెనీ ఆర్కెస్ట్రా, వచ్చీపోయే పాత్రలకి వంకర గొంతులు. సాక్షులెవరు? మాస్టారు, భార్య, తల్లి. మళ్ళీ వాళ్ళే! అయిదు నిమిషాల క్రితం గుంపు తరిమిన వాళ్ళలో ఒక్కర్నీ పిలవరు. అద్దాలు పగిలిన ఇంటివాడెవడూ బోనెక్కడు. వాళ్ళకి పేర్లు కూడా లేవు. జడ్జి గోడ పడగొట్టమని తీర్పిస్తాడు, దబ్బున చప్పుడు, అయిపోయింది. హీరో బయటికొచ్చాడు, బాగుపడ్డాడు. మరి తరమబడ్డవాళ్ళు?

మొదట్లో దీన్ని నేను కూడా సమర్థించుకున్నాను, కథంతా వాడి బుర్రలోనే జరుగుతోంది కదా అని. ఆ సమర్థింపే నాకిప్పుడు మింగుడుపడటం లేదు. అంతా వాడి బుర్రలోనే జరుగుతుంది, అదే దాని తప్పు. నా 'తెల్వద్' కూడా నా బుర్రలో పదేళ్ళపాటు నాకు జరిగిన బాధగానే ఉంది.

పైగా గోడలు తీర్పుతో కూలతాయన్నది పాత బస్తీవాడికి నమ్మబుద్ధి కాదు. మా ఊరి చుట్టూ నిజం గోడ ఉండేది. రాతిది, ఆరు మైళ్ళ చుట్టుకొలత. మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలెడితే మొదటి ఆసఫ్ జా పూర్తి చేయించాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చి కొంత పట్టుకుపోయింది. తర్వాత రోడ్లకనీ, ఇళ్ళకనీ కొంచెం కొంచెంగా జనమూ సర్కారూ కలిసి తీసేశారు. దర్వాజాల్లో నిలబడి ఉన్నవి దబీర్‌పురా, పురానాపూల్ మాత్రమే. లాల్ దర్వాజాలో ఇప్పుడు దర్వాజా లేదు, అలియాబాదులోనూ లేదు. పేర్లున్నాయి. ఎక్కడ గోడ ఉండేదో కాలికి తెలియదు కానీ ఆటో ఎక్కి పేరు చెప్తే తెలుస్తుంది. కూలడం అంటే నాకు తెలిసింది ఇదీ, దబ్బున చప్పుడు కాదు.

డార్క్ సైడ్ కి వస్తే, దాంట్లో కథ లేదు, హీరో లేడు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగుస్తుంది. మధ్యలో పరుగు, కాలం, చావు, డబ్బు, మనమూ వాళ్ళూ అనే తేడా, పిచ్చి. వీళ్ళ పాత స్నేహితుడు సిడ్ బారెట్ మతి చెదిరి 1968లో బ్యాండు నుంచి వెళ్ళిపోయాడు. ఆ దిగులు రికార్డంతా ఉంది, కానీ అది 'నా దిగులు చూడండి' అనదు. పాటల మధ్య మనుషుల మాటలు వినిపిస్తాయి కదా, అవెలా వచ్చాయో చెప్తే మీకు నా మాట అర్థమవుతుంది. వాటర్స్ కొన్ని అట్టముక్కల మీద ప్రశ్నలు రాశాడు. స్టూడియోలో ఎవరు దొరికితే వాళ్ళని, సామాన్లు మోసే కుర్రాళ్ళని, వాచ్‌మన్ గెర్రీ ఓడ్రిస్కాల్ ని, మైకు ముందు కూర్చోబెట్టి జవాబు చెప్పమన్నాడు. పక్క స్టూడియోలో ఉన్న పాల్ మెకార్ట్నీ, ఆయన భార్య లిండా కూడా చెప్పారు. మరీ ఆచితూచి మాట్లాడారని వాళ్ళవి వాడలేదు. మెకార్ట్నీని పక్కనబెట్టి వాచ్‌మన్ మాటలు పెట్టుకున్న రికార్డు ఇంకెక్కడుంది చెప్పండి!

అందులో ఒక అట్టముక్క మీద, నువ్వు చివరిసారి ఎప్పుడు ఒకరి మీద చెయ్యి చేసుకున్నావు అని ఉంటుంది. దాని కింది అట్ట మీద, అప్పుడు న్యాయం నీ వైపే ఉందా అని. న్యాయం నా వైపే అని ధీమాగా చెప్పిన గొంతులు రికార్డులో ఉన్నాయి, మళ్ళీ జాగ్రత్తగా వినండి. నాకు పదిహేనేళ్ళప్పుడు ఆ మాటలు ఇంగ్లీషు గొణుగుడు, పాటకి పాటకి మధ్య చప్పుడు. ఇప్పుడు అవి వచ్చినప్పుడు మా వాకిలి గుర్తొస్తుంది. ఆ సాయంత్రం అక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కరూ, మా నాన్నతో సహా, న్యాయం తమ వైపే ఉందని చెప్పేవాళ్ళే. గల్లీ అవతల వాకిట్లో నిలబడ్డవాళ్ళూ అదే చెప్పేవాళ్ళు. నేనైతే అసలు చెయ్యే చేసుకోలేదు కాబట్టి మొదటి అట్టముక్క దగ్గరే తప్పించుకునేవాణ్ణి.

ది వాల్ నన్ను హీరోని చేస్తుంది. డార్క్ సైడ్ నన్ను మైకు ముందు కూర్చోబెడుతుంది. అందుకే నా ఓటు అటు మారింది, ముప్పై అయిదేళ్ళు ఆలస్యంగా. మా కుర్రాడికి ఈ లోతులన్నీ తెలిసి అన్నాడని నేననుకోను. వాడికి గిటారు సౌండు నచ్చిందేమో. అది చాలు, అదీ కారణమే.

అన్నట్టు, 2023లో వాటర్స్ తన ఎనభయ్యో ఏట డార్క్ సైడ్ ని ఒక్కడే మళ్ళీ రికార్డు చేశాడు. గిటారు సోలోలు తీసేసి, వాటి మీద తన మాటలు పోసి. సగం వినేసరికి నిద్రొచ్చింది. టీము లేకపోతే ఏమవుతుందో తెలియడానికి అంతకన్నా మంచి డెమో లేదు.

అదే ఏడాది పాత స్కూలు వాట్సాప్ గ్రూపులో ఎవరి ద్వారానో భాయ్ నంబరు దొరికింది. జెడ్డా నుంచి వచ్చేసి టోలీచౌకీలో ఉంటున్నాడట. నేను "భాయ్, ఛోటేని, శాలిబండ" అని పెట్టాను. రెండు నిమిషాల్లో జవాబు. ఎలా ఉన్నావని కాదు, మెహదీ హసన్ ఉన్న కేసెట్టు ఇంకా పని చేస్తోందా అని! ఫోటో తీసి పంపాను. ఆ తర్వాత అప్పుడప్పుడూ మెసేజీలు నడుస్తున్నాయి, పండగలకి, ఇండియా మ్యాచిలకి. ఎప్పుడూ ఫోన్లో మాట్లాడుకోలేదు.

మొన్న లంచ్ గొడవ సంగతి రాశాను. ది వాల్ చివరి ఇరవై నిమిషాల గురించి నీ అభిప్రాయమేంటి భాయ్ అని అడిగాను. బావ తెచ్చిన కేసెట్టు కూడా అరవై నిమిషాలదేనట. ఆయన కూడా అక్కడి వరకే విన్నాడు. ఇన్నేళ్ళూ అంతేననుకున్నాడు. లింకు పంపాను. వింటాను, విని ఆదివారం ఫోన్ చేస్తానన్నాడు.

ఇటుకల సంగతి ఇంకా చెప్పలేదు. రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి చేస్తానన్నాడు.